మా బావ లెక్కలో నేను లేను

నంద్యాల పట్టణ ప్రజలకు, ముఖ్యంగా డిగ్రీ కాలేజీ ఎదురుగా ఉన్న నా జిరాక్సు అంగడికి వచ్చిపోయే విద్యార్థులకు, అధ్యాపకులకు, ఊరికే కూర్చుని పోవడానికి వచ్చే పెద్దమనుషులకు సగౌరవంగా ప్రకటించడమేమనగా: ఇకమీదట ఈ అంగడిలో స్టేప్లరు అరువు ఇవ్వబడదు. ఆధార్ కార్డు మిషన్‌లోనే మరిచిపోయి వెళ్లేవాళ్లకు ఫోన్ చేసి పిలవడం జరగదు. తాగేసిన టీ గ్లాసులో గుండుసూదులు వేసే కుర్రకారు మీద కఠిన చర్య తీసుకోబడుతుంది. మార్కుల జాబితాకు లామినేషన్ చేయించుకుని, మరునాడు వచ్చి దాన్ని పీకేయమని అడిగే తల్లిదండ్రులు వేరే అంగడి చూసుకోవలెను. చివరగా, మా బావ చనిపోయాడు.

చివరి ముక్కే మొదట రాయాలని నాకూ తెలుసు. రాయబోతే చెయ్యి స్టేప్లరు మీదికి పోయింది.

ఆయన మా అక్క భర్త. ఈ ఎదురు కాలేజీలోనే కామర్సు లెక్చరరు. ఆ రోజు పొద్దున నేను షట్టరు ఎత్తుతుండగా ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయినాడ్రా" అని, ఫోన్ పట్టుకునే ఉంది. షట్టరు సగంలో ఆగిపోయింది. దాని కిందినుంచి ఒక ఆడపిల్ల వంగి చూసి, హాల్ టికెట్టు రెండు కాపీలు కావాలంది. తీసిచ్చాను. చిల్లర కూడా ఇచ్చాను. అప్పుడు బండెక్కి పోయాను.

ఆయన సహోద్యోగులు ఆయన జ్ఞాపకంగా ఈ చిన్న పుస్తకం వేస్తున్నారు. టైపింగు, పేజీలు పేర్చడం నావంతు. వచ్చిన వ్యాసాలన్నీ ఈ చేతులతోనే కొట్టాను. వాటిలో మా బావ ఒకచోట శిఖరం అయ్యాడు, ఇంకోచోట దీపం అయ్యాడు, రిటైరైన ఒక తెలుగు మాస్టారి చేతిలో మహాసముద్రం కూడా అయ్యాడు. నాకు తెలిసిన మనిషి మజ్జిగలో ఉప్పు ఎక్కువైతే గ్లాసు పక్కకు జరిపి మాట్లాడకుండా లేచిపోయేవాడు. అన్నీ పేర్చాక వెనకాల కొన్ని పేజీలు మిగిలాయి. ఖాళీగా వదిలితే బాగుండదు, నువ్వేదైనా రాయమంది అక్క. డిగ్రీ రెండో ఏడు దాటని మొహం నాది. ఎంఏలు, పీహెచ్‌డీల తర్వాత వస్తున్నాను, తప్పులుంటే పంక్తులు నింపడానికి పడినవని అనుకోండి.

ముందే చెప్పేస్తాను. మా బావంటే నాకు అసూయ. పెళ్లినాటి నుంచీ అసూయే. అమ్మ కూలి పనులకు పోతే నన్ను చంకనేసుకుని పెంచింది అక్క. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో కోడి కోస్తే, కార్జం ముక్క నా ప్లేటులో పడేది. పెళ్లయ్యాక మొదటి ఆదివారం ఆ ముక్క ఆయన ప్లేటులోకి పోయింది. ఆయన దాన్ని గమనించను కూడా గమనించలేదు, అన్నంలో కలిపి తినేశాడు. ఆ తర్వాత అమ్మ మొదలుపెట్టింది. మీ బావ చూడు, ఇస్త్రీ చొక్కా. మీ బావ చూడు, పుస్తకం. మీ బావ చూడు, గొంతు లేవదు. చూసీ చూసీ నా కళ్లు మండాయి.

నేను అదే కాలేజీలో రెండో ఏడు చదువుతుండగా ఆయన కొత్తగా పాఠాలు చెప్పడానికి వచ్చాడు. క్లాసులో ఆయన కుర్చీకి ఒక కాలు వదులు చేసి పెట్టాను. ఆయన నిలబడే పాఠం చెప్పి, గంట కొట్టాక కుర్చీని చేత్తో ఊపి చూసి, నావైపు ఒక్క చూపు చూసి పోయాడు. తిట్టి ఉంటే నేను కాలేజీలోనే ఉండేవాడినేమో. ఆ చూపుకు రోషం వచ్చి ఆ వారంలోనే టీసీ తీసుకుని బయటపడ్డాను. ఎదురుగా అంగడి పెట్టాను. దూరం పోయే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఇప్పుడు ఆయన పని గురించి చెప్పాలి. మన దేశంలో కాలేజీ చదువుల్లో ఎంతమంది ఉన్నారో ఢిల్లీవాళ్లు ఒక అంకె చెప్తారు. పేపర్లో వస్తుంది, మనం పేజీ తిప్పేస్తాం. ఆ అంకె పైనుంచి ఊడిపడదు. ప్రతి కాలేజీలోనూ ఒక మనిషిని పట్టుకుని నోడల్ ఆఫీసరు అని పేరు పెడతారు. జీతం పెరగదు, మెడనొప్పి పెరుగుతుంది. ఏ కోర్సులో, ఏ సంవత్సరంలో ఎంతమంది ఉన్నారు, అందులో ఆడపిల్లలెందరు, ఏ వర్గం వాళ్లెందరు, వికలాంగులెందరు, పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లెందరు, ఇవన్నీ ఆ మనిషి గళ్లలో నింపాలి. పాఠాలు చెప్పేవాళ్ల వివరాలు ఒక్కొక్కరివీ విడిగా ఎక్కించాలి. పోయినేడు ఎందరు పరీక్ష రాసి ఎందరు గట్టెక్కారో చెప్పాలి. దాన్ని యూనివర్సిటీలో ఇంకో నోడల్ ఆఫీసరు చూసి సరే అంటే సర్టిఫికెట్ వస్తుంది. అట్లా ఊరూరి నుంచి వచ్చినవన్నీ కూడితే దేశం లెక్క. మా కాలేజీలో ఆ మనిషి మా బావ.

కాలేజీలో నెట్ నత్తలాగా నడుస్తుందని ఆ పనికి నా అంగడికి వచ్చేవాడు. జేబురుమాలుతో కీబోర్డు తుడిచి, కళ్లద్దాలు తుడిచి, అప్పుడు కూర్చునేవాడు. టీ తెప్పిస్తే ముట్టేవాడు కాదు. ఒక పేజీ నింపి, సేవ్ చేసి, అది సేవ్ అయిందని రెండోసారి చూసుకున్నాక ఒక గుక్క తాగేవాడు. చల్లారిన టీని అంత ఇష్టంగా తాగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ లెక్కకు ఒక నియమం ఉంది. ఢిల్లీవాళ్లు ఒక తేదీ చెప్తారు. ఆ రోజు రిజిస్టరులో ఎవరి పేరుందో వాళ్లే లెక్క. కానీ మన పిల్లలు ఒకచోట కుదురుగా ఉంటారా? ఇక్కడ చేరతారు, కౌన్సెలింగులో వేరే సీటొస్తే చెప్పకుండా అక్కడికి పోతారు. పేరు రెండుచోట్లా ఉంటుంది. మిగతా కాలేజీల్లో రిజిస్టరు చూసి ఎక్కించేస్తారని ఆయనే చెప్పేవాడు. ఈయన మాత్రం క్లాసులో కనపడని ప్రతి పిల్లకూ, పిల్లోడికీ నా అంగడిలో కూర్చుని ఫోన్ చేసేవాడు. "ఏమ్మా, ఈడ ఉండావా, ఆడ ఉండావా?" అని అడిగేవాడు. ఎందుకు బావా ఇంత తిప్పలు, ఢిల్లీవాడు వచ్చి చూస్తాడా అంటే, "ఒక మనిషిని రెండు చోట్ల రాస్తే దేశంలో లేని బిడ్డ పుడతాదిరా" అనేవాడు.

ఒకసారి ఆయన టీ గుక్క కోసం తల తిప్పినప్పుడు, స్క్రీను మీద ఎర్రటి అక్షరాల బొమ్మ ఒకటి పెట్టాను. మీ లెక్క తప్పు, మొదటినుంచి చేయండి, ఇట్లు ఢిల్లీ అని. పాలిపోయిన మొహంతో పొద్దు వాలేదాకా మొదటినుంచి సరిచూశాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటపెట్టేశాను. కోప్పడతాడని చూశాను. "తప్పు లేదని ఇంకోసారి తెలిసింది, మంచిదేలే" అని సంచి తీసుకుని పోయాడు. ఎగతాళి చేయడానికి కూడా పనికిరాని మనిషితో బంధుత్వం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒక ఏడు బీకాం రెండో సంవత్సరం పిల్లోడొకడు ఫోన్ ఎత్తలేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో ఉన్నాడని ఎవరో చెప్పారు. సెలవు రోజు బావ బస్సెక్కాడు. ఏదైనా తమాషా దొరుకుతుందని నేనూ ఎక్కాను. షెడ్డులో మిషన్లు రంపపు కూత పెడుతున్నాయి. వరసగా ఆంజనేయులు, అయ్యప్పలు, తల ఇంకా రాని ఒక నాయకుడు. ఆ వరసలోనే ఆ పిల్లోడు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు, కనుబొమ్మలు, మొహానికి కట్టిన తువ్వాలు, అన్నీ రాతిదుమ్ముతో ఒకే రంగు. నేను ముందు గుర్తుపట్టి కదలొద్దని సైగ చేశాను. వాడు నాకన్నా కోతి. ఉలి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే బిగుసుకుపోయాడు. బావ పేరు పెట్టి పిలుచుకుంటూ వరసంతా నడిచి, వాడి ముందు ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, షెడ్డు యజమానితో అన్నాడు: "ఇది బాగా కుదిరిందప్పా. ప్రాణం ఉన్నట్టే ఉండాది."

విగ్రహం తుమ్మింది.

షెడ్డంతా పడీపడీ నవ్వారు. నాకు కడుపునొప్పి వచ్చింది. బావ కూడా నవ్వాడు, కానీ వెంటనే పనిలోకి దిగాడు. వేరే కాలేజీలో చేరావా అని అడిగాడు. లేదన్నాడు వాడు. టీసీ తీసుకున్నావా? లేదు సార్, నాయనకు చేతులు పడిపోతే పనిలోకి వచ్చినా, పరీక్షలకు వస్తా. అప్పుడు వాడు తువ్వాలు దించి, భయంభయంగా అడిగాడు:

"సార్, నేనిప్పుడు స్టూడెంటేనా?"

"పేరుండాది, ఫీజు కట్టినావు, యాడికీ పోలేదు. స్టూడెంటువే. నిన్ను రాస్తాండా."

ఆ మాటకు వాడి మొహం చూడాలి. దుమ్ము కింద చర్మం ఎర్రబడింది. నవ్వించింది నేను. వాడు కళ్లు తుడుచుకుంది మాత్రం ఆయన మాటకు. తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేదాకా మండుతూనే ఉన్నాను. ఆపైన అడిగేశాను. ఊరూరూ తిరిగి వీళ్లందరినీ వెతుకుతున్నావు, నేను కాలేజీ మానేసినప్పుడు ఒక్కసారైనా ఇంటికొచ్చి ఎందుకు మానేశావని అడిగావా బావా అని.

ఆయన కిటికీలోంచి చూస్తూ, కోపం లేకుండా, లెక్క చెప్పినట్టే చెప్పాడు. "నువ్వు టీసీ తీసుకోని పోయినావు గదా. లేనోడ్ని యాడని ఎతకాల?"

లేనోడు. ఎదురుగా అంగడి పెట్టుకుని, రోజూ టీ తెప్పించి ఇచ్చేవాడు, ఆయన పెండ్లానికి తమ్ముడు, లేనోడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ మనిషి చేత నా ఒక్క తల లెక్కలో రాయించాలని. అదేం కోరికని మీరు నవ్వొచ్చు. నాకు అప్పుడు దాన్ని మించిన కోరిక లేదు.

దూరవిద్యలో చేరాను. దాని స్టడీ సెంటరు ఆ కాలేజీలోనే ఉంది, ఆదివారాలు అక్కడే క్లాసులు. పాస్టరు గారికి వంకలు చెప్పి ప్రార్థన ఎగ్గొట్టి పోయాను. నెరిసిన మీసాలతో ఫోటో దిగాను. ఢిల్లీ లెక్క మొదలైన రోజు నా గుర్తింపు కార్డు తీసుకెళ్లి ఆయన కీబోర్డు మీద పెట్టాను. ఆయన దాన్ని రెండువైపులా చూశాడు. మంచి పని చేశావన్నాడు. నా గుండె ఎగిరింది. కార్డు తిరిగి నా చేతిలో పెట్టాడు.

"దూరవిద్యోళ్లను మేము రాయంరా. మీ యూనివర్సిటీవాళ్లే రాసి పంపుతారు. నేనూ రాస్తే నువ్వు ఇద్దరు అయితావు."

"ఇద్దరైతే అయితా. రాయి బావా."

"ఒకడ్నే తట్టుకోలేకుండా ఉండాం."

నేను పోయి కరెంటు మెయిను ఆపేశాను. మిషన్లన్నీ చచ్చాయి. చీకట్లో ఆయన టీ జుర్రిన చప్పుడు వినిపించింది. అంటే అప్పటికే సేవ్ చేసుకున్నాడు.

ఆ చదువు కూడా ఇంగ్లీషు పేపరు దగ్గర వదిలేశాను. యూనివర్సిటీలో ఎవరో నన్ను ఒక ఏడు రాసే ఉంటారు. వాళ్లెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయనకు లివరు చెడిందని తెలిసినప్పటి నుంచి ఆసుపత్రికి అక్కను దింపడం, తీసుకురావడం నా పని అయింది. బావా, నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆయన పైకప్పు చూసేవాడు, నేను ఫోన్ చూసేవాడిని. చివరి సాయంత్రం అక్క ఇడ్లీలకని కిందికి పోయింది. అప్పుడు ఆయన నా మణికట్టు మీద చెయ్యి వేసి, "రేయ్, లెక్కలో లేనంత మాత్రాన మనిషి లేనట్టు గాదురా" అన్నాడు.

ఖననం అయ్యాక, ఆదరణ కూడిక ఇంటి ముందు షామియానాలో జరిగింది. మా వాళ్లలో అది ఆనవాయితీ. పాటలు, వాక్యం అయ్యాక, పోయిన మనిషి గురించి ఎవరికి తోచింది వాళ్లు లేచి చెప్తారు. ముందు ఒక టీచరమ్మ లేచింది. తాను చదువుకునే రోజుల్లో సారు ఫోన్ చేసి ఈడ ఉండావా ఆడ ఉండావా అని అడిగాడట. ఎక్కడా లేను సార్, మా నాయన చదువు మాన్పించి ఇంట్లో పెట్టినాడు అందట. సారు మరునాడు వాళ్ల ఊరికి పోయి, వాళ్ల నాయన పక్కన అరుగు మీద కూర్చుని, ఇంట్లో ఉండే పిల్లను లెక్కలో రాయడానికి నాకు గడి లేదప్పా అన్నాడట. ఆమె అక్కడికి చెప్పి ఏడుస్తూ కూర్చుండిపోయింది. తర్వాత ఒక బస్సు కండక్టరు లేచాడు. తర్వాత ఆళ్లగడ్డ విగ్రహం లేచింది. ఇప్పుడు దానికి సొంత షెడ్డు ఉంది, బొజ్జ కూడా ఉంది. ప్రతివాడి దగ్గరా సారు తనకు మాత్రమే చెప్పిన మాట ఒకటి ఉంది. జేబులోంచి తీసినట్టు తీసి చూపిస్తున్నారు. వింటూ కూర్చున్న నాకు పెండ్లిలో పంక్తి తప్పినవాడికి అయినట్టు అయింది.

బామ్మర్దిగారు కూడా రెండు మాటలు చెప్పాలన్నాడు పాస్టరు. లేచి, ఆసుపత్రిలో ఆయన అన్న మాట చెప్పాను. పాస్టరు మెల్లగా ఆమెన్ అన్నాడు. టీచరమ్మ మళ్లీ ఏడ్చింది. మహాసముద్రం రాసిన తెలుగు మాస్టారు పాటల కాగితం వెనక ఆ మాట రాసుకున్నాడు. నాలుగు రోజుల్లో అది బావ ఫోటోతో, గులాబీలతో అందరి ఫోన్లలో తిరిగింది. సంతాపం ఫ్లెక్సీల మీద ఎక్కింది. ఆ ఫ్లెక్సీలు డిజైన్ చేసింది నేనే. ఎంత గొప్ప మాట, ఆ సారు నోటి నుంచే రావాల అని అంగడికి వచ్చిన ప్రతివాడూ నాకే చెప్తుంటే ఒళ్లు మండిపోయింది.

సమాధి రాయి చెక్కి ఇస్తానని ఆ ఆళ్లగడ్డ శిల్పే ముందుకొచ్చాడు. పేరు కింద ఏ మాట వేయాలో అక్కను అడిగాడు. అక్క ఆలోచించలేదు, తమ్ముడు చెప్పిందే వేయమంది. నేను అడ్డం పోయాను. దేశంలో లేని బిడ్డ మాట బాగుంటుందక్కా, బైబిలు వాక్యం ఇంకా బాగుంటుందక్కా అన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"ఇన్నేండ్లు మీరిద్దరూ ఎదురెదురు కూసోని గోడలు చూస్తాంటే, మధ్యన సంగటి పెట్టింది నేను. ఆయప్ప పొయ్యేముందు నీతో ఆ మాట అన్నాడంటే, నిన్ను మనసులో పెట్టుకున్నట్టే గదరా. నాకు అది చాలు. నా కడుపు చల్లబడింది."

ఆ మాటను పెద్ద అక్షరాల్లో టైపు చేసి శిల్పికి ఇచ్చాను.

నిన్న ఆళ్లగడ్డ పోయి రాయి చూసి వచ్చాను. పేరు అయిపోయింది, కింది మాటలో సగం అయింది. శిల్పి ఉలి ఆపి, నావైపు చూడకుండా అడిగాడు. "అన్నా, సారు ఇట్ల మాట్లాడేటోడు గాదే. ఆయనకు లెక్కలో ఉంటేనే ఉన్నట్టు. నిజంగా అన్నాడా?" అన్నాడన్నాను. వాడు అక్షరాల మీద దుమ్ము ఊదాడు. 'లేనట్టు' అన్న మాట తేటగా బయటపడింది. ఆ రాతలో ఎంత అందంగా ఉందో చెప్పలేను. వాడు మళ్లీ ఉలి అందుకున్నాడు. నేను బస్సెక్కాను.

రాత్రి కూర్చుని ఇది టైపు చేస్తున్నాను. పుస్తకం పొద్దున ప్రెస్సుకు పోతుంది. అక్క చదువుతుంది, చదివి ఏమంటుందో, ఎన్నాళ్లు నాకు అన్నం పెట్టదో నాకు తెలియదు. కడుపు చల్లబడిందని తనన్న మాట గుర్తొచ్చి చివరి పేరా రెండుసార్లు చెరిపేశాను, మళ్లీ రాశాను. నా బతుకులో నాకు పుట్టిన మంచి మాట అదొక్కటే. అదీ ఆయన పేరు కింద, ఆయన రాయి మీద చేరింది. ఊరంతా ఆయన్నే మెచ్చుకుంటోంది. అసూయ పడకుండా ఎట్లా ఉండమంటారు?

మా బావ ఆ మాట అనలేదు. షామియానాలో లేచి నిలబడ్డాక, చేతిలో ఏమీ లేక, నేను కల్పించాను. ఆ సాయంత్రం ఆయన నాతో అన్నది ఇదీ: "రేయ్, ఆ కిటికీ వేయి, దోమలొస్తాండాయి." లేచి వేశాను. బయట చీకటి పడింది, లోపల ట్యూబులైటు వెలుగుతోంది. కిటికీ అద్దంలో ఆయన మొహం, నా మొహం పక్కపక్కనే ఉన్నాయి. ఆయన అద్దంలోకే చూస్తున్నాడు.